ఓబయ్య వీపు

చిత్తూరులో ఓబయ్య వీపు చూడనివాళ్లు తక్కువ. ఎడమ భుజం మీద తువ్వాలు, కాస్త వంగిన నడుం, కుడికాలు ఈడ్చినట్టుండే నడక. యూట్యూబుకు బొమ్మలు తీసే గిరిప్రసాద్ చేసింది పాటైనా, పొట్టి సినిమా అయినా చివర్లో ఆ వీపు అలా నడిచిపోవాల్సిందే. గంగమ్మ జాతర పాటా, ప్రేమ పాటా, నవ్వుల సినిమానా అని తేడా లేదు. హీరో హీరోయిన్లు గంతులేసి అలిసిపోయాక సంగీతం ఆగిపోతుంది, ఓబయ్య నడుస్తాడు. వెనక్కి తిరగడు. అంతటితో బొమ్మ అయిపోతుంది.

గిరిప్రసాద్‌కు ఇంకో తిక్క కూడా ఉంది. ఆ ఆఖరి షాట్‌కు స్టాండు వాడడు. నేల మీద వెల్లకిలా పడుకుని, కెమెరాను రొమ్ము మీద పెట్టుకుని తీస్తాడు. అందుకే ఓబయ్య దూరంగా పోతూ ఉంటే బొమ్మ మెల్లగా లేస్తూ, దిగుతూ ఉంటుంది. స్టాండు కొనిపెట్టడానికి చందాలెయ్యమంటావా అన్నా, అని యూట్యూబులో పిల్లకాయలు ఎగతాళి చేస్తారు. బంగారుపాళ్యం మామిడితోట ఆసామి ఒకాయన కూతురి ఓణీల ఫంక్షన్‌కు పాట తీయించుకుంటే దానికీ ఇదే ముగింపు. ఆసామి భార్య నిర్మలమ్మ కట్టమంచిలో ఉన్న స్టూడియోకే వచ్చి గొడవ పెట్టుకుంది.

“శుభమా అని ఫంక్షన్ చేసుకుంటే ఆ ముసిలోడి వీపేందప్పా మాకు? కాటి నుంచి ఇంటికొస్తా ఉన్నట్టు ఉండాది” అంది.

ఆమె నోటికొచ్చింది అనేసి పోయిందిగానీ, ఆ మాట మూలన కూర్చున్న ఓబయ్యకు గుచ్చుకుంది. ఎందుకంటే ఓబయ్య అసలు పని అదే. నీవా నది ఒడ్డున శ్మశానంలో కట్టెలు పేర్చి, కడదాకా ఉండి కాల్చే మనిషి. టీ కొట్లో ఎవరి పక్కనా కూర్చోవడానికి లేని బతుకు. ఈ వీపు వేషాలు మొదలయ్యాక “వీపు తాతా, ఇట్లా రా” అని పిలిచి బెంచీ మీద చోటిస్తున్నారు. భార్య కుప్పమ్మకు ఆ గర్వం అంతా ఇంతా కాదు. ఇరుగుపొరుగు ఆడవాళ్లకు సెల్లు చూపించి “మా ఆయనే” అంటుంది. ఆమెకు ఒకటే లోటు.

“మొగం కూడా సూపిమ్మని ఆ అబ్బోడిని అడగరాదా? నోరు పడిపోయిందా నీకు?” అని రోజూ సాధిస్తుంది.

అడగడానికి ఓబయ్యకు భయం. సిగ్గయితే పోనీ అనుకోవచ్చు, ఇది నిజంగా భయమే. గిరిప్రసాద్ తొలిసారి శ్మశానానికి వచ్చి “తాతా, నా పాటలో నడస్తావా?” అన్నప్పుడే ఓబయ్య గుర్తుపట్టేశాడు. వీడు ధనంజయ కొడుకు.

ఇరవై ఏళ్ల కిందటి మాట. ధనంజయ పొలంలో ఉన్నట్టుండి పడిపోయాడు. వాళ్ల పల్లెలో డాక్టరు లేడు. ఊపిరి లేదని పెద్దవాళ్లే తేల్చారు. మబ్బు కమ్ముకొస్తోంది, తడిస్తే కట్టెలు అంటుకోవని తొందరపెట్టి తెచ్చేశారు. పిల్లవాడు కుండ మోసి, పడేసి, కొరివి పెట్టాడు. కొరివి పెట్టినవాడు తిరిగి చూడకుండా పోవాలి కదా, అలాగే పోతున్నాడు. వానకు భయపడి మిగతావాళ్లు ముందే మళ్లిపోయారు, వాడి కాళ్లు తడబడుతుంటే ఓబయ్య పక్కన నడిచాడు. పది అడుగులు వేశారో లేదో వెనక నుంచి దగ్గు వినిపించింది.

పిల్లవాడు ఆగిపోయాడు. ఓబయ్యా ఆగిపోయాడు. కాలేటప్పుడు శవం నుంచి వచ్చే చప్పుళ్లన్నీ అతనికి తెలుసు. ఇది వాటిలో లేదు. అయినా పిల్లవాడి మెడ మీద చెయ్యి వేసి “పో నాయనా, తిరగొద్దు” అని ముందుకు తోశాడు. రోడ్డు దాకా దిగబెట్టి వెనక్కి వచ్చేసరికి మంట ఆకాశానికి లేచి ఉంది. అప్పుడు చూసినా ఏం లాభం? అది గాలి అయి ఉంటుందని తనకు తాను చెప్పుకున్నాడు. కుప్పమ్మకు కూడా చెప్పలేదు.

అలాంటిది, ఆ పిల్లవాడే పెరిగి వచ్చి నడవమంటే ఎలా కాదంటాడు? కాదంటే ఎందుకని అడుగుతాడేమో. ఒప్పుకున్నాడు. ప్రతి పాటలోనూ నడిచాడు. నడిచినప్పుడల్లా వెనక పడుకున్నవాడు కట్టెల మీద తండ్రి పడుకున్నట్టే పడుకున్నాడనీ, ఆ లేచి దిగే ఊపిరి ఎవరిదో కూడా అతనికి తెలుస్తూనే ఉంది. గిరిప్రసాద్ మాత్రం ఆనాటి సంగతి ఒక్కసారైనా ఎత్తలేదు. ఎత్తకూడదని ఓబయ్య మొక్కని దేవుడు లేడు.

పోయిన ఎండాకాలం గిరిప్రసాద్ తన మొదటి పెద్ద సినిమా తీశాడు. ఆఖరి షాట్‌కు నీవా ఇసుకలో నిజం కట్టెలే పేర్పించాడు. పేర్చింది ఓబయ్యే. సాయంత్రం ఎండ పచ్చగా పడుతోంది, గాలి లేదు. కెమెరామన్ మునిశేఖర్ కెమెరాను కట్టెల మీద తాళ్లతో బిగించాడు.

“ఈసారి నేను పండుకోను తాతా” అన్నాడు గిరిప్రసాద్. “నువ్వు నడువు. నీకు యాడ తిరగాలనిపిస్తే ఆడ తిరుగు. మొగం కనపడాల.”

ఓబయ్య తువ్వాలు దులిపి మళ్లీ భుజం మీద వేసుకున్నాడు. “తిరిగి ఏం సెయ్యాల సామీ?”

“ఏం సెయ్యొద్దు. సూడు, అంతే.”

గిరిప్రసాద్, మునిశేఖర్ దూరంగా కానుగ చెట్టు కిందికి పోయి నిలబడ్డారు. కట్టెల దగ్గర ఎవరూ లేరు. ఓబయ్య నడిచాడు. ఇసుక కాళ్ల కింద కరకరమంటోంది. తిరగకుండానే అవతలి గట్టుకు పోయి, మర్చిపోయాను సామీ అనేద్దామని ఎత్తు వేసుకున్నాడు. పది అడుగులు వేశాడో లేదో, వెనక దగ్గు వినిపించింది.

అదే దగ్గు. గొంతులో పొగ ఇరుక్కున్న మనిషి దగ్గు.

ఓబయ్య గిరుక్కున తిరిగాడు. కట్టెలు, వాటి మీద కెమెరా, అంతే. పరుగులాంటి నడకతో చెట్టు దగ్గరికొచ్చి “ఎవురు సామీ దగ్గింది?” అన్నాడు.

మునిశేఖర్ చెవుల మీది హెడ్‌ఫోన్ తీశాడు. “ఎవురూ దగ్గలేదు తాతా. మైకులో ఏం పళ్లేదు.”

గిరిప్రసాద్ ఓబయ్య వైపే చూస్తున్నాడు.

“దగ్గు అని నీకెవురు సెప్పినారు?” అన్నాడు.

అప్పటికిగానీ ఓబయ్యకు తన నోటి నుంచి ఏం జారిందో తెలియలేదు.

“ఆ పొద్దు ఇన్న దగ్గు సంగతి నేను ఎవురికీ సెప్పలేదు తాతా, మాయమ్మకు తప్ప. నీకు పిచ్చిరా అనింది. నేనూ పిచ్చే అనుకున్నా. ఇన్నేండ్లూ నిన్ను నడిపించి నడిపించి, నీకేమీ ఇనపళ్లేదులే అనుకుంటా ఉన్నా.” ఇసుకలో కూలబడ్డాడు. “నీకూ ఇనపడింది.”

ఓబయ్య కూడా ఎదురుగా కూర్చున్నాడు. ఇక సామీ అనే మాట రాలేదు. “ఇనపడింది నాయనా. నిన్ను తోసింది నేనే.”

“తెలుసు. నీ చెయ్యి ఇంకా ఈడే ఉండాది” అని గిరిప్రసాద్ తన మెడ తడుముకున్నాడు. “అది పిచ్చి అనుకున్నన్నాళ్లే బాగుండింది తాతా.”

ఆ రోజు తీసిన బొమ్మను మునిశేఖర్ స్టూడియోలో వేసి చూపించాడు. కెమెరాను కట్టెలకు కదలకుండా కట్టింది తనేనని రెండుసార్లు చెప్పాడు. అయినా ఓబయ్య నడుస్తున్నంతసేపూ బొమ్మ మెల్లగా లేస్తూ, దిగుతూ ఉంది. ఓబయ్య తిరిగిన చోట ఆ ఊపు ఆగిపోయింది. గిరిప్రసాద్ దాన్ని అలాగే సినిమాలో పెట్టాడు. ఆ తర్వాత ఇప్పటిదాకా ఇంకేమీ తీయలేదు. పెళ్లిళ్లకు మునిశేఖర్‌నే పంపుతున్నాడు.

సినిమా సెల్లులోకి వచ్చిన రోజు కుప్పమ్మ వీధి ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టుకుంది. చివర్లో మొగుడి మొగం తెర మీదికి వచ్చింది. ఆమె సంబరం అంతలోనే చల్లారిపోయింది. ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచిపోయారు. కుప్పమ్మ లోపలికొచ్చి, గోడవైపు తిరిగి పడుకున్న ఓబయ్య పక్కన కూర్చుంది.

“ఎవుర్ని సూసి అట్లా బెదురుకున్నావయ్యా?”

“ఎవుర్నీ సూల్లేదు కుప్పా” అన్నాడు ఓబయ్య, ఇటు తిరగకుండానే. “సూడాల్సిన పొద్దు సూల్లేదు.”