బిల్లులో రెండో నంబరు

నెల కిందట నాకు కడుపులో ఆపరేషన్ అయింది. గడ్డ తీశారని మా ఆయన చెప్పారు. ఈ రోజు ఆయనకు వర్క్‌షాప్‌లో డ్యూటీ ఉండడంతో ఆసుపత్రి ఖర్చు తిరిగిచ్చే వాళ్ల ఆఫీసులో బిల్లు ఇవ్వడానికి నేనే వెళ్లాను.

ఇది పరాయి రాష్ట్రమైనా కిటికీ దగ్గర ఉన్నది మన తెలుగావిడే. ధైర్యం చేసి, బిల్లులో ఈ నంబర్లేమిటని అడిగాను.

"ఒక్కో ఆపరేషనుకి ఒక్కో నంబరమ్మా. మొదటిది గడ్డకి."

"రెండోదాని పక్కన ప్లస్ గుర్తేటండీ?"

"దాంతో పాటు ఇంకోటి కూడా సేసినారని. రెండు ట్యూబులూ తీసీసినారు కదా." నా ముఖం చూసి ఆవిడ గొంతు తగ్గించారు. "నీకు సెప్పలేదేటమ్మా? బిల్లుతో ఉన్న కాయితంలో ఒప్పుకున్నట్టు మీ ఆయన సంతకం ఉంది మరి."

రెండూ తీసేస్తే ఇక కడుపు రాదని ఆ మాత్రం నాకూ తెలుసు. ఆటోలో కొంగు నోట్లో కుక్కుకుని ఇంటికి వచ్చాను.

సాయంత్రం ఆయన నాకు అన్నం వడ్డిస్తూ, "పిల్లలకేటి తొందర, ముందు నువ్వు కోలుకో" అన్నారు. రోజూ అనే మాటే. నా వైపు చూడకుండా అంటారని ఈ రోజే గమనించాను. సరేనని తలూపాను.

ఆయన ఫోనులో ఇలాంటి గ్రూపులేవీ చూడరు కాబట్టి ఈ గ్రూపులో మిమ్మల్ని అడుగుతున్నాను. నాకు తెలిసిపోయిందని ఆయనకు ఎలా చెప్పాలి?