సుభానీ మేస్త్రి కొలత తప్పిన బంకు

సుభానీ మేస్త్రి టేపు పెట్టి కొలిచిన మనిషి మూడు నెలలకు మించి బతకడని గుంటూరు మిర్చి యార్డు వెనక సందుల్లో ఒక మాట ఉండేది. ఆ మాట ఎవరు పుట్టించారో తెలియదు గానీ సాక్ష్యం మాత్రం అందరి దగ్గరా ఉండేది. టీ కొట్టు పిచ్చయ్యని కొలిచాడు, పిచ్చయ్య పోయాడు. పిచ్చయ్యకి ఎనభై రెండేళ్లనీ, అప్పటికే నాలుగేళ్లుగా ఆయాసంతో మంచం మీద ఉన్నాడనీ ఎవరైనా గుర్తు చేస్తే, "మేం చెప్పేదీ అదేగా! నాలుగేళ్లు ఏమీ కానివాడు టేపు తగిలాక ఎట్లా పోయాడు?" అనేవాళ్లు. 

మేస్త్రికి కొలవడం ఒక జబ్బు. వడ్రంగి అన్నాక కొలవక తప్పదు. కానీ ఈయన తలుపుల్నీ దూలాల్నీ కొలిచి ఊరుకునే రకం కాదు. కూర్చున్నవాణ్ణి కొలిచేవాడు. పడుకున్నవాణ్ణి కొలిచేవాడు. గేదెలు ఎదురెదురుగా వస్తే వాటి మధ్య దూరి కొలిచి, "నాలుగడుగుల పది. ఈ సందుకి ఇంకో అరుగు పడుద్ది" అని సంతోషపడేవాడు. మేడలు కట్టేవాళ్లు పిలిస్తే వెళ్లేవాడు కాదు. రెండు కొట్ల మధ్య చీలిక, మెట్ల కింద మూల, సైడు కాలవ మీద రెండడుగుల మేర, ఇట్లా ఎవరికీ పనికిరాని చోటు కనబడితే మాత్రం ఆకలేసినవాడికి విస్తరి కనబడ్డట్టు ఆగిపోయేవాడు.

ఒకసారి ఎవరిదో పెళ్లి భోజనాల్లో బల్ల కొలిచి, "ఇక్కడ పద్నాలుగు మంది కాదు, పదహారు మంది పడతారు. మోచేతులు లోపలికి పెట్టుకోండి" అన్నాడు. పదహారు మందీ కూర్చున్నారు. అందరూ పట్టారు. అయితే ఒకడు ముద్ద ఎత్తితే పక్కవాడి సాంబారు ఒలికేది. చివరికి అందరూ ఒకేసారి చెయ్యెత్తాలని మేస్త్రి వెనక నిలబడి లెక్క పెట్టాల్సి వచ్చింది.

వాచీలు బాగుచేసే అలీ సాహెబ్‌కి రెండు కొట్ల మధ్య పంతొమ్మిది అంగుళాల సందులో బంకు చేసిపెట్టాడు. సాహెబ్ పక్కకి తిరిగి లోపలికి వెళ్లేవాడు. పండగ వెళ్లిన మర్నాడు ఆయన అందులో ఇరుక్కుపోయి అరిస్తే మేస్త్రి పరుగున వచ్చి, ముందు బంకుని కొలిచి, తర్వాత సాహెబ్‌ని కొలిచాడు.

"బంకు బానే ఉంది సాహెబ్. నీ పొట్టే అంగుళంన్నర ఎక్కువ."

"అయితే బంకు పెంచు!"

"గోడలు నాయా, పెంచటానికి? పొట్ట నీది. అది తగ్గించు."

మేస్త్రి భార్య మౌలాబీ ఈ జబ్బుని మొదట్లోనే చూసింది. "పెళ్లయిన మూడోనాడు నన్ను గోడకి నిలబెట్టి చెయ్యెత్తమన్నాడమ్మా. గాజులు తొడుగుతాడేమో అనుకున్నా. నా చెయ్యి ఎంత ఎత్తుకి అందుద్దో గుర్తు పెట్టుకుని, అక్కడ అర కొట్టి పోయాడు," అని కుళాయి దగ్గర చెప్పుకునేది. తర్వాత కొంచెం ఆగి, "ఆ అర మీద డబ్బా తియ్యాలంటే మాత్రం ఇప్పటికీ మునివేళ్ల మీద లేవక్కర్లా" అనేది.

ఇవన్నీ బిందుమాధవికి కిటికీలోంచి తెలిసిన సంగతులు. ఆ పిల్లకి పదిహేడేళ్లు. తొమ్మిదో తరగతితో చదువు ఆగింది. మనుషులతో మాట్లాడాలంటే బెరుకు, చూడడం మాత్రం బాగా వచ్చు. ప్రత్తిపాడు పక్కన ఊళ్లో నాలుగెకరాల కౌలు పత్తిని పచ్చపురుగు తినేశాక, తొంభై ఎనిమిది జనవరిలో వాళ్లు ఈ సందుకొచ్చారు. అమ్మ శివపార్వతి, నాన్న వెంకయ్య, నాయనమ్మ వెంకటేశ్వరమ్మ, తను. పదడుగులకి తొమ్మిదడుగుల గది. అమ్మ యార్డులో మిరపకాయలకి తొడిమలు తీసే పనికి పోయేది. సాయంత్రం వచ్చి మండే చేతుల్ని చల్లటి మజ్జిగలో పెట్టుకుని కూర్చునేది.

నాన్న గోడవైపు తిరిగి పడుకునేవాడు. పిలిస్తే లేచేవాడు, పెడితే తినేవాడు. లేచినా నడుం నిలిచేది కాదు. నేల మీద ఏదో పారేసుకున్నవాడిలా వంగి నడిచేవాడు. ఆ ఏడు వాళ్ల ఊళ్లోనే ఇద్దరు పత్తి రైతులు లేకుండా పోయారు. అందుకని అమ్మ నాన్నని ఒక్కణ్ణీ వదిలేది కాదు. బిందుమాధవి ఉద్యోగం అదే, నాన్నని కనిపెట్టుకుని ఉండడం. అమ్మ గదిలో దండెం కూడా కట్టనివ్వలేదు. తడి గుడ్డలు పెట్టె మీదా, గిన్నెల మీదా, నేల మీదా ఆరేవి. ఎందుకు కట్టలేదని ఎవరూ అడగలేదు. నాయనమ్మ కూడా.

జూన్ మొదటి వారంలో పక్క పోర్షన్ తలుపు బిగించడానికి సుభానీ మేస్త్రి వచ్చాడు. పని అయ్యాక వీళ్ల గుమ్మంలో ఆగాడు. తొంగి చూశాడు. అంతే, చెయ్యి నడుం దగ్గరి టేపు మీదికి పోయింది.

"అమ్మాయ్, ఈ గదిలో నలుగురుంటున్నారా?"

బిందుమాధవి తలూపింది.

"గుడ్డలు నేల మీద ఆరేశారేందమ్మా? దండెం లేదా?"

ఆ పిల్ల ఒకసారి నాన్న వీపు వైపు చూసి తల దించుకుంది. మేస్త్రి కూడా అటు చూశాడు. ఆయన ఇంకో మాట అడగకుండా గది నాలుగు వైపులా కొలిచాడు. తర్వాత వెంకయ్య పక్కన చతికిలబడ్డాడు.

"అన్నా, లేచి కూర్చో కాసేపు. ఈ కొస పట్టుకో. ఆ కొస ఆ చేత్తో పట్టుకో. చేతులు చాపు. ఇంకా. ఆఁ, బాగా చాపు, నీ సొమ్మేం పోదు."

ఎదురు చెప్పే ఓపిక కూడా లేని వెంకయ్య చాపాడు. మేస్త్రి అంకె చూసుకుని బిందుమాధవిని అడిగాడు.

"మీ నాన్న చేతులకి ఏం పనొచ్చమ్మా?"

కొత్తవాళ్లతో ఎన్నడూ నోరు విప్పని పిల్ల ఎందుకో విప్పింది. "మందు కొట్టే మిషన్లు బాగుచేస్తాడండి. మా ఊళ్లో సగం స్ప్రేయర్లు మా ఇంటికే వచ్చేవి."

సరిగ్గా అప్పుడు శివపార్వతి యార్డు నించి వచ్చింది. ఆమెకి కనపడింది ఇది: సుభానీ మేస్త్రి, ఆయన టేపు, దానికి అటూ ఇటూ చాపిన తన మొగుడి చేతులు.

ఆమె పెట్టిన కేకకి సందంతా గుమ్మంలోకొచ్చింది.

"మా ఆయన్నే కొలవాల్సి వచ్చిందా నీకు? అసలే మేము రోజొక గండంగా బతుకుతుంటే! లే! లేచి బయటికి నడు!"

టేపు లాక్కుని తీసుకెళ్లి కాలవలో విసిరేసింది. మేస్త్రి కాలవ వైపు చూసి చాలా బాధపడ్డాడు.

"తిట్టు తల్లీ, పడతాను. పదహారడుగుల టేపు అది. నాలుగడుగుల కాలవలో వేశావు."

ఆ రోజు నించి సందంతా రోజుల లెక్క మొదలుపెట్టింది. శివపార్వతి నీళ్లకి వెళ్తే, "ఇయ్యాల్టికి పదకొండో రోజు గదా?" అని అడిగేవాళ్లు. కూరగాయల బండి దగ్గర జాలిపడి నాలుగు వంకాయలు ఎక్కువ వేయించేవాళ్లు. శివపార్వతికి అన్నం సయించేది కాదు. యార్డులో కాయ తుంచుతూ తుంచుతూ, గుర్తొచ్చి ఇంటికి పరుగెత్తుకొచ్చి, మొగుడి ఊపిరి చూసుకుని మళ్లీ పోయేది. కూలీలో కోత పడేది. ఆ పరుగు చూసి జనం, "ఆమెకీ తెలిసిపోయింది పాపం" అనుకునేవాళ్లు.

ఇరవయ్యో రోజున మేస్త్రి కొత్త టేపుతో, చెక్క సామానుతో వచ్చాడు. ముందుగా మౌలాబీని పంపాడు, దెబ్బలు తగిలితే ఆమెకి తగలాలని. మౌలాబీ నడుం మీద చెయ్యి వేసుకుని శివపార్వతికి చెప్పింది. "అక్కా, ఇరవై రెండేళ్లుగా నన్ను కొలుస్తానే ఉన్నాడు. నేను పోయానా? ఆయన్నే పోగొట్టాలనిపించింది గానీ నేను పోలా. దారియ్యి."

మేస్త్రి సాయంత్రం దాకా గోడకి ఏదో కొట్టాడు. అయిపోయాక శివపార్వతి చూసింది. గోడ నించి ముందుకి లాగితే వచ్చే, తోస్తే గోడకి అతుక్కుపోయే కర్రల చట్రం. ఎనిమిది సన్న కర్రలు. ఇంటి గుడ్డలన్నీ ఆరతాయి. తాడు ముక్క ఎక్కడా లేదు. ఎత్తు సరిగ్గా మనిషి మోకాలికి పై మాట, నడుముకి కింది మాట. తడి గుడ్డని ఆపుతాయి గానీ, మనిషి బరువు పడితే విరిగేంత సన్నవి.

ఆమె వంగి ఆ కర్రల మీద చెయ్యి పెట్టి చూసింది.

"మేస్త్రిగారూ," అంది. గారు అనడం అదే మొదలు. "ఇంత కిందికి పెట్టారేంటండీ?"

"ముసలమ్మకి అందాలి గదమ్మా," అన్నాడు మేస్త్రి, మేకులు ఏరుకుంటూ. 

వెంకయ్యకి స్ప్రేయర్లు బాగుచేసే బంకు పెడదామని మేస్త్రి అన్నప్పుడు మాత్రం ఆమె మళ్లీ కస్సుమంది. "మందు కొట్టే డబ్బాలా? ఆ వాసన చాలక మళ్లీ చేతికిస్తారా?"

"కడిగి, ఆరబెట్టి తెస్తేనే ముట్టుకుంటామని బోర్డు రాద్దాం. చుక్క మందు ఉన్నా వెనక్కి పంపేద్దాం. అమ్మాయి రాసుద్ది. ఏమ్మా, రాస్తావా?"

బిందుమాధవి రాసింది. చదువు ఆగాక ఆ పిల్ల రాసిన మొదటి అక్షరాలు అవే. రెండుసార్లు దిద్దింది.

జులైలో బంకు రిక్షా బండి మీద ఊరేగింపుగా వచ్చింది. యార్డు దారిలో, మూతపడ్డ జిన్నింగ్ మిల్లు గోడకీ కాలవకీ మధ్య రెండున్నర అడుగుల మేర ఉంది. బంకు అందులో చొక్కాకి గుండీ పట్టినట్టు పట్టింది. కింద చక్రాలున్నాయి, మున్సిపాలిటీ వాళ్లు జరపమంటే జరపొచ్చు. తలుపు కిందికి వాలిస్తే అదే బల్ల. పక్కన మడత పలక ఒకటుంది.

"ఈ పలక ఎవరికి?" అని అలీ సాహెబ్ అడిగాడు.

"తోడుండేవాళ్లు కూర్చోటానికి."

అంతా బాగానే ఉంది. వెంకయ్యని తీసుకొచ్చి లోపల నిలబెట్టాకే సందు గొల్లుమంది. వంగిన మనిషికి పని బల్ల గుండెల దాకా వచ్చింది. పనిముట్ల అర అందనే లేదు. తల మీద మూరెడు జాగా ఊరికే మిగిలింది. అటక మీద వదిలేసిన పిల్లి కూనలా ఉన్నాడు.

"మేస్త్రీ! ముప్పై ఏళ్ల సర్వీసులో లెక్క తప్పావయ్యా!" అని అలీ సాహెబ్ చప్పట్లు కొట్టాడు. "నా పొట్టకి అంగుళం ఇవ్వనివాడివి, ఈయనకి మూరెడు గాలి ఇచ్చావే!"

నాన్నని చూసి జనం నవ్వడం బిందుమాధవి భరించలేకపోయింది. మేస్త్రి దగ్గరికి వెళ్లి, చిన్న గొంతుతో, "బల్ల దించండి మేస్త్రిగారూ. మా నాన్నకి అందట్లేదు" అంది.

"దించను."

"ఎందుకండీ?"

"కొలత సరిగానే ఉంది."

ఎవరెంత చెప్పినా అదే మాట. చివరికి ఒక ఇటుక తెచ్చి కాళ్ల కింద వేసుకుని పని మొదలుపెట్టాడు వెంకయ్య. పని అంటే మొదటి పది రోజులు కూర్చోవడమే. తర్వాత ఎవరో రైతు కారుతున్న డబ్బా తెచ్చాడు. వెంకయ్య దాన్ని ఒళ్లో పెట్టుకుని గంటసేపు చూశాడు. ఆ గంటసేపూ మడత పలక మీద బిందుమాధవి ఆయన చేతుల్నే చూస్తూ కూర్చుంది. చివరికి స్పానరు కావాలని ఆయన లేచి పైకి చెయ్యి చాపాడు. అందలేదు. ఇంకాస్త చాపాడు.

అడగకుండానే అందించబోయిన కూతురితో, "ఉండు. నేను తీసుకుంటా" అన్నాడు. ఆర్నెల్లలో ఆయన తనంతట తాను మాట్లాడిన మాటలు అవే.

సెప్టెంబరులో తొంభయ్యో రోజు వచ్చింది. సందులో ఆ పొద్దున ఎవరికీ ఇంట్లో పని లేదు. ఉప్పు కావాలని ఒకరూ, గొడుగు బాగుచేస్తారా అని ఒకరూ బంకు చుట్టూ తిరుగుతున్నారు. శివపార్వతి యార్డుకి పోలేదు. గుమ్మంలో కూర్చుని, బంకు దగ్గరికి వెళ్లే ధైర్యం లేక, కొంగు వేలికి చుట్టుకుంటూ ఉంది.

పదకొండింటికి బంకు వైపు నించి పెద్ద అరుపు వినిపించింది. మగ గొంతు. ఆమె చెప్పుల్లేకుండా పరుగెత్తింది. సందంతా ఆమె వెనకే.

"ఒరేయ్, వాషరు తిరగేసి బిగించింది నువ్వు! మిషను మంచిది కాదంటావేందిరా! నీలాంటోడి చేతికిస్తే కొత్త మిషనైనా కారుద్ది!"

వెంకయ్య మార్టూరు నించి వచ్చిన రైతు ఒకణ్ణి తిడుతున్నాడు. ఒక చేత్తో డబ్బా, ఇంకో చేత్తో పై అర మీది స్పానరు. ఇటుక ఎప్పుడు తీసేశాడో ఎవరూ చూడలేదు. బల్ల ఆయన నడుం దగ్గర ఉంది.

అలీ సాహెబ్ కళ్లజోడు తుడుచుకుని బంకుని పైకీ కిందికీ చూశాడు. "మేస్త్రీ, ఎవరికీ చెప్పకుండా బల్ల దించావా?"

"నేనెందుకు దించుతాను?"

"మరి నువ్వు కొలిచిన రోజు ఈయన వంగిపోయి ఉన్నాడుగా. వంగినోణ్ణి కొలిచి..."

"నడుం ఎవరు కొలిచారు సాహెబ్? చేతులు చాపించి కొలిచా. మనిషి రెండు చేతులూ చాపితే ఎంతో, నిటారుగా నిలబడితే అంత. దిగులుకి నడుం వంగుద్ది గానీ చేతులు కురచవుతాయా?"

శివపార్వతి ఏడుస్తూ నవ్విందో, నవ్వుతూ ఏడ్చిందో ఆ గోలలో తెలియలేదు. రైతు మాత్రం, "ఏందమ్మా, మీ ఆయన నన్ను తిడుతుంటే నీకంత సంతోషమా?" అని నొచ్చుకున్నాడు.

"తిట్టించుకోండన్నా," అంది ఆమె. "ఇంకాసేపు తిట్టించుకోండి."

సందులో వాళ్లు కాసేపు నిలబడి, నిరాశగా వెనక్కి మళ్లారు. దారిలో ఎవరో, మూడు నెలలంటే ఇంగ్లీషు నెలలా తెలుగు నెలలా, అధిక మాసం వస్తే ఎట్లా లెక్కెయ్యాలి అని వాదన తెచ్చారు. అది తేలేలోపు, పోయిన పిచ్చయ్య పేరు మీదే నడుస్తున్న కొట్టులో ఆరు టీలు అయ్యాయి.

వెంకయ్య ఎత్తు ఐదడుగుల ఎనిమిది అంగుళాలు.