పెనం దించేదాకా

ఆరేళ్లుగా ఇది నా గొంతుకి అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకి చెప్పే మొహం నాకు లేదు.

కశింకోట దగ్గర మాకు చెరకు పొలం, బెల్లం వండే షెడ్డు ఉన్నాయి. ఆరేళ్ల కిందటి మార్చిలో మా దగ్గర చినుకులే పడ్డాయి గాని, పైన కొండల్లో రెండు రోజులు కుండపోత. మూడో రోజు మధ్యాహ్నం పెనంలో చెరకు రసం సగం కాగింది. కింద పొయ్యిలో పిప్పి ఎగదోస్తున్నది సూరన్న. వరసకి నాకు బావ. చదువు రాదు. అతనికున్నదల్లా రెండు ఆవులు, అందులో ఒకటి చూడిది. వాటిని శారదా నది ఒడ్డున పచ్చిక ఉన్నచోట కట్టేసి పనిలోకి వచ్చాడు.

నా ఫోను పెద్దగా మోగింది. హెచ్చరిక. ఏరు ఒక్కసారిగా పొంగవచ్చు, ఒడ్డున మనుషులు, పశువులు ఉండకూడదు అని. తెలుగులోనే ఉంది. చివరిదాకా చదివాను.

"ఏటి బావా, ఫోను అలగ అరిసింది?" అన్నాడు సూరన్న.

"ఏటీ నేదు. ఏదో కంపెనీ యాడ్."

"ఏటొడ్డున ఆవుల్ని కట్టేసేను. ఓపాలి ఎల్లి ఇప్పుకొచ్చేత్తాను."

"పాకం పాడైపోద్ది బావా. పెనం దించేక ఎల్దువులే."

ఎందుకన్నాను ఆ మాట? పొయ్యి దగ్గర మనిషి ఉండడని. అంతే! ఇలాంటి మెసేజీలు ఇంతకు ముందూ వచ్చాయి, ఏరు పొంగలేదు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ పొంగదని నిజంగా నమ్మినవాణ్ణయితే ఆ నాలుగు ముక్కలు అతనికి చదివి వినిపించడానికి నాకేం రోగం? పొంగుతుందేమోనన్న భయం ఉంది కాబట్టే దాచాను.

పెనం దించాం. బెల్లం మంచి రంగు వచ్చింది. అప్పుడు పరిగెత్తాడు, వెనకే నేనూ షెడ్డులో ఉన్నవాళ్లూ. అప్పటికే అక్కడ ఒడ్డు లేదు, అన్నీ ఎర్రనీళ్లే. దూకబోతుంటే నడుం పట్టుకుని ఆపాం. మర్నాడు నీరు తీసింది. రెండూ కట్టిన రాటల దగ్గరే ఉన్నాయి, పలుపులు మెడకి బిగుసుకుని.

"నా సేతులిరిగిపోను, నేనే గదా కట్టేసేను" అని తల బాదుకున్నాడు. నేను అతని భుజం మీద చెయ్యి వేసి, అంతా రాత అన్నాను. ఆ చెయ్యి అక్కడే ఎందుకు పడిపోలేదు? ఊళ్లో అందరూ అతన్నే తప్పు పట్టారు, ఏటొడ్డున పశువుని కట్టి వచ్చేవాడెవడని. వింటూ కూర్చున్నాను.

తర్వాత ఎలాగో ఇంకో ఆవుని తెచ్చుకున్నాడు. దానికి పలుపు వెయ్యడు. అది పదిమంది పొలాల్లో పడుతుంది, అతను పదిమంది చేతా తిట్లు తింటాడు. మొన్న నా చెరకులో పడింది. అతని మీద పడి అరిచాను. కట్టుకోలేవా అన్నాను. నేను! ఆ మాట అతన్ని నేనడిగాను! అతను తల దించుకుని, ఆవుని చేత్తో నెట్టుకుంటూ వెళ్లిపోయాడు.

క్షమించమని మిమ్మల్ని అడగను. ఆవులు మీవి కావు. చదివి, తెలిసి, అబద్ధం చెప్పి ఆ రెంటినీ చంపింది నేను. ఇది రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది, దానికి కూడా నా మీద నాకు ఒళ్లు మండుతోంది. సూరన్నకి ఇంకా చెప్పలేదు.