ముందు చొక్కా, వెనక నాడాలు

జెరాక్సు షాపు మూతపడిన రోజున, అక్కడ పదకొండేళ్లు మిషను నడిపిన మనిషికి యజమాని ఒక తెల్లకాగితాల కట్టా, నాలుగు మంచి మాటలూ ఇచ్చి చేతులు దులుపుకున్నాడు. కాగితాలు ఇంట్లో ఉన్నాయి. మంచి మాటలు అతనికి గుర్తు లేవు.

మర్నాడే భార్య అన్నయ్య ఊడిపడ్డాడు. ఆయనకు సిమెంటు గోడౌను ఉంది, దానికి పట్టనన్ని సలహాలున్నాయి.

"బెంగపడకు బావా. ఒకటో తారీకు నుంచి మా గోడౌన్లో బస్తాలు లెక్కపెడుదువుగాని" అంటూ, తనకు బిగుతైపోయిన ముదురు నీలం చొక్కా ఒకటి చేతిలో పెట్టాడు. అతనికి బావగారైన ఈయన ఆ ఇంటికి ఏమిచ్చినా పాతదే ఇచ్చేవాడు. ఇచ్చిన సంగతి మాత్రం ఎప్పటికప్పుడు కొత్తగా చెప్పేవాడు. ఇక జీవితాంతం ఆ మాటలు వింటూ బస్తాలు లెక్కపెట్టాలని తలుచుకుంటే అతనికి ముద్ద దిగలేదు. గడువు ఇరవై రెండు రోజులు. ఆలోగా సొంతంగా ఇల్లు గడిచే దారి చూపించాలి, లేదంటే బస్తాలే.

పనికోసం కాళ్లరిగేలా తిరుగుతూ ఒక రోజు గుర్తింపు కార్డులిచ్చే ఆఫీసు ముందు ఆగాడు. లోపలికి వెళ్లినవాళ్లలో సగం మంది మొహాలు మాడ్చుకుని బయటికొస్తున్నారు. విషయమేమిటంటే, ఫోటో తీసేచోట గోడ తెలుపు. చొక్కా కూడా తెలుపైతే కంప్యూటరుకి తలకాయ ఒక్కటే కనిపిస్తుందట, ఒప్పుకోదట. జనమేమో ఆఫీసు పని కదా అని, ఉన్నవాటిలో మంచి తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని మరీ వస్తారు. తెల్ల చొక్కాలు కుదరవన్న బోర్డు మాత్రం లోపల, రెండు గంటల క్యూ దాటాక ఉంది.

మర్నాడు అతను బావగారి చొక్కాతో గేటు పక్కన నిలబడ్డాడు. అద్దె ఇరవై. పెట్టుబడి చొక్కా కాక ఇంట్లోని అద్దం, దువ్వెన. ఐదుగురు తీసుకున్నారు. ఐదోవాడు లావుపాటి మనిషి, ఊపిరి పీల్చేసరికి మూడు బొత్తాలు రోడ్డున పడ్డాయి. దానికితోడు రోడ్డు మీద చొక్కా విప్పడానికి చాలామందికి మొహం చెల్లలేదు.

సాయంత్రం సంగతంతా విని భార్య అడిగింది. "ఫోటోలో వీపు పడుతుందా?"

"పడదు."

ఆమె కత్తెర తీసి చొక్కా వీపు కాలరు నుంచి అంచుదాకా నిలువునా కోసేసింది. అతను గబుక్కున లేచాడు.

"అది మీ అన్నయ్య చొక్కా కదే!"

"అందుకేగా పెద్ద కత్తెర తీశాను."

అంచులు మడిచి కుట్టి, నాలుగు జతల నాడాలు పెట్టింది. ఇక ఏమీ విప్పక్కర్లేదు. వచ్చినవాడు ఎదురుగా చేతులు దూరిస్తే, వెనక అతను నాడాలు ముడేస్తాడు. బక్కవాడైనా బండవాడైనా ముందు నుంచి దొరబాబే. కాలరు లోపల ఎప్పటికప్పుడు మార్చే రుమాలు. వారం తిరిగేసరికి రోజుకి నలభైమంది. ఊళ్లో కొత్త కార్డు ఎవరిది చూసినా అదే చొక్కా. జెరాక్సాయన కాస్తా చొక్కాయన అయ్యాడు. అయినా ఈ సంగతి బావగారికి చెప్పే ధైర్యం మొగుడికీ లేదు, పెళ్లానికీ లేదు.

నెలాఖరు రోజున క్యూలోంచి ఒకాయన తిట్టుకుంటూ బయటికొచ్చాడు. మల్లెపువ్వులాంటి తెల్ల చొక్కా. బావగారే.

"నువ్వా? ఇక్కడ చొక్కాయన అని ఎవడో ఉన్నాడట, లోపలి గుమాస్తా పంపాడు."

"నేనే బావా."

బావగారు నీలం చొక్కాని ఎగాదిగా చూశాడు. "ఇది నాది కదూ?"

"మీదే. చేతులు పెట్టండి."

వెనకాల పదిమంది తొందరపెడుతున్నారు. బావగారు చేతులు పెట్టాడు. వందల ముడులు వేసిన చొక్కాయన ఆ ఒక్క వీపు దగ్గర ప్రతి ముడీ రెండుసార్లు సరిచూసుకున్నాడు. కాలరు ముడి దగ్గరికొచ్చాక అన్నాడు. "తల కాస్త దించండి బావా."

బావగారు దించాడు. పెళ్లైన పన్నెండేళ్లలో అదే మొదలు. నాడా కోసమే అయినా దించడం దించడమే.

ఫోటో అయ్యాక బావగారు వంద నోటు తీసి "ఉంచుకో" అన్నాడు. చొక్కాయన ఎనభై లెక్కపెట్టి ఆయన చేతిలో పెట్టాడు.

"సరే, రేపు గోడౌనుకి ఎన్నింటికి వస్తావు?"

"రేపు కుదరదు బావా. ఒకటో తారీకు, ఇక్కడ రద్దీగా ఉంటుంది."

ఇంటికొచ్చి చెబితే భార్య మొదట నవ్వలేదు. "వీపు చూశాడా?" అంది.

"విప్పేటప్పుడు చూశాడు."

"ఏమన్నాడు?"

"కుట్టు బాగుందన్నాడు."

అప్పుడు నవ్వింది, కళ్లలో నీళ్లు తిరిగేదాకా. షాపు మూతపడ్డాక ఆ ఇంట్లో నవ్వు వినపడటం అదే మొదటిసారి. అతనికి చెప్పలేనంత సంతోషమైంది. ఆమె కళ్లు తుడుచుకుని, పెద్ద కత్తెర తీసి, అతని ఒంటి మీదున్న ముదురు గోధుమరంగు చొక్కా కేసి చూసింది. అతను విప్పి ఇచ్చాడు.