కౌంటు పెరిగిన పువ్వు

మా మావయ్యగారికి భీమవరం పక్కన రొయ్యల చెరువులున్నాయి. అందుకని ఉప్పునీళ్ల సంగతి నాకేమీ తెలియదని ఆయన నమ్మకం. పది రోజులుందామని అత్తగారితో మా ఇంటికొచ్చి, హాల్లో అద్దాల తొట్టెలో నేను పెంచుతున్న సీ అనిమోన్‌ని చూసి మొదటిమాటగా అడిగారు, "కౌంటెంతండీ అల్లుడుగారూ?"

మా వైపు కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క. అది పెరిగిందంటే రొయ్య చిన్నదని అర్థం.

"ఇది పువ్వులాంటి జంతువండీ, తూచరు" అన్నాను. దీనికి సముద్రమంత ఉప్పు కావాలని, అది రోజూ ఒకేలా ఉండాలని కూడా చెప్పాను. విన్నట్టే తలూపారు.

రెండ్రోజుల తర్వాత నేను పాలకొల్లు వెళ్లొచ్చేసరికి తొట్టెలో నీళ్లు మజ్జిగలా ఉన్నాయి. చెరువుకి పోసినట్టే బెల్లం, తవుడు పులియబెట్టి చెంబుడు పోశారట. "నీళ్లలో సత్తువ లేదండీ" అన్నారు, నా మీద జాలిపడుతూ. పువ్వు ముడుచుకుపోయి నిమ్మకాయంతైంది. నాకు ఒళ్లు మండింది. కానీ వంటింట్లో అత్తగారు నాకోసం పెసరట్లు వేస్తున్నారు. నోరు మూసుకుని, వారం పాటు కొంచెం కొంచెంగా నీళ్లు మార్చాను.

ఆఖరికి ఓ పొద్దున చూస్తే పువ్వు నిలువునా చీలి రెండు పువ్వులైంది. బెదిరితే ఈ జాతి అలా చీలుతుందట. రెండూ చక్కగా విచ్చుకున్నాయి. ఆనందం పట్టలేక మావయ్యగారిని పిలిచి చూపించాను.

ఆయన కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసి, నిట్టూర్చారు.

"కౌంటు పెరిగిపోయిందండీ. ఇంకా ఉంచితే నష్టం. రేపు వలేసి పట్టేద్దాం."