చెయ్యి ఎత్తని మనిషి

కోవిడ్‌కు ముందు ఏడాది నేను అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్లోని ఒక చెవి, ముక్కు, గొంతు క్లినిక్‌లో సీనియర్ ఆడియాలజిస్టుగా ఉండేదాన్ని. వినికిడి కొలవడం నా పని. కార్ల విడిభాగాల ఫ్యాక్టరీల కార్మికులే ఎక్కువగా వచ్చేవారు. మోత ఉన్నచోట పనిచేయాలంటే వాళ్లకు ఈ పరీక్ష తప్పనిసరి.

ఆ చలికాలం యూసఫ్ అనే ఇరాకీ వెల్డర్ వచ్చాడు. యాభై దాటిన మనిషి. నియంత పాలనలో ఏళ్ల తరబడి జైల్లో ఉండి, తర్వాత శరణార్థిగా భార్యాబిడ్డలతో ఇక్కడికి చేరాడు. అతన్ని కారులో తీసుకొచ్చింది సూపర్‌వైజర్ శ్రీకాంత్, మన గుంటూరు అబ్బాయి.

"మేడమ్, కంపెనీ టెస్ట్ రెండుసార్లు ఫెయిలయ్యాడు. ఇది కూడా పోతే జాబ్‌లోంచి తీసేస్తారు. కానీ ఫ్యాక్టరీలో ఫోర్క్‌లిఫ్ట్ బండి హారన్ కొడితే అందరికన్నా ముందు తప్పుకునేది ఈయనే. నాకేం అర్థం కావట్లేదండీ," అన్నాడు.

వినపడనట్టు నటించేవాళ్లను చాలామందిని చూశాను. అదంతా నష్టపరిహారం కోసం. వినపడదని చెప్పుకుని ఉన్న ఉద్యోగం పోగొట్టుకునేవాణ్ణి మాత్రం ఎక్కడా చూడలేదు.

యూసఫ్‌ను శబ్దం చొరబడని గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ తగిలించి, బీప్ వినపడగానే చెయ్యి ఎత్తమన్నాను. తలుపు వేసి, అద్దానికి ఇవతల మెషీన్ దగ్గర కూర్చున్నాను. పెద్ద శబ్దంతో మొదలుపెట్టి తగ్గించుకుంటూ పోవడం పద్ధతి. చెయ్యి లేవలేదు. కానీ నేను మీట నొక్కిన ప్రతిసారీ అతని ఛాతీ కదలడం ఆగిపోతోంది. ఊపిరి బిగబట్టి, రెప్ప వెయ్యకుండా నన్నే చూస్తున్నాడు. చిన్నపిల్లల చెవులకే అందేంత సన్నటి స్థాయికి దించాను. మళ్లీ ఊపిరి ఆగింది. లేచి బయటికి పోదామనిపించింది.

నటించే పిల్లల కోసం మా వృత్తిలో ఒక చిట్కా ఉంది. వినపడితే "ఎస్" అను, వినపడకపోతే "నో" అను అంటాం. నిజంగా వినపడనివాడికి "నో" ఎప్పుడు అనాలో ఎలా తెలుస్తుంది? యూసఫ్‌కూ అదే చెప్పాను. బీప్ ఇచ్చాను. "నో." ఇంకా తగ్గించాను. "నో." మధ్యలో కావాలనే చాలాసేపు ఏమీ ఇవ్వకుండా ఊరుకున్నాను. అతనూ ఊరుకున్నాడు. మళ్లీ బీప్, వెంటనే "నో." పాఠం అప్పజెప్పినట్టు ప్రతిసారీ అదే గొంతు, అదే తీరు.

బయటికి వచ్చేసరికి అతని చొక్కా చెమటకు తడిసిపోయి ఉంది. మంచినీళ్లిచ్చి, మీకు అన్నీ వినపడుతున్నాయన్నాను. తెలుసన్నాడు. జైల్లో రోజూ పొద్దున్నే కాపలావాళ్లు వరసగా నిలబెట్టి, పక్కగదిలోంచి రాత్రి ఏం వినపడిందని అడిగేవారట. విన్నామన్నవాళ్లు మర్నాడు వరసలో కనిపించేవారు కాదట.

"చెయ్యి ఎత్తాలనే అనుకుంటాను డాక్టర్. అది లేవదు," అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో. నాకు ఏడుపు ఆగలేదు.

రిపోర్టులో అతని "నో"లనే వినపడిందన్న జవాబులుగా తీసుకుని, పద్ధతి వివరించి, వినికిడి మామూలుగా ఉందని సంతకం చేశాను. ఫ్యాక్టరీ డాక్టర్ ఫోన్‌లో గట్టిగానే నిలదీశాడు, చివరికి ఒప్పుకున్నాడు. ఉద్యోగం నిలిచింది. నేను రిటైరయ్యేదాకా యూసఫ్ ఏటా పరీక్షకు వచ్చేవాడు. ఇల్లు కొన్నానని ఒకసారి, కూతురు నర్సింగ్‌లో చేరిందని ఒకసారి చెప్పాడు. చెయ్యి మాత్రం ఒక్కసారీ ఎత్తలేదు.

చెయ్యి లేవనిచోట "వినపడలేదు" అని రాయడం మా వృత్తిలో అలవాటు. అతన్ని చూశాక నేను "చెయ్యి ఎత్తలేదు" అని మాత్రమే రాస్తూ వచ్చాను. మెషీన్ ముందు కూర్చున్నవాళ్లకు తెలిసేది అంతవరకే.