రెండు చేతులు, ఒక చింతగింజ

నా భార్య పోయిన వారం తిరుపతిలో కన్నుమూసింది. మేమిద్దరం పాఠాలు చెప్పే కాలేజీలో కలిసి తయారుచేసిన సాఫ్ట్‌వేర్ వాడుతున్న మీకు ఆమె మెయిళ్ల ద్వారానే తెలుసు. మీ ప్రశ్నలకు ఓపికగా జవాబులు రాసింది ఆమే. ఇన్నాళ్లూ నేను దాచిన మాట ఒకటి మీకు చెప్పాలి.

పైన పెత్తనం చేసే కంప్యూటర్ లేకుండా, వేల కంప్యూటర్లు నేరుగా మాట్లాడుకుంటే ఏమవుతుందో ఆ సాఫ్ట్‌వేర్ ఒక్క యంత్రంలోనే చూపిస్తుంది. లోపల ఎన్నో పనులు ఒకేసారి నడుస్తాయి. నేను రాసిన భాగంలో రెండు పనులు ఒకే జాబితా మీద ఒకేసారి చెయ్యి వేసేవి. ఎప్పుడో ఒకసారి ఫలితం తప్పేది. కారణం దొరక్క, ఒక పనిని రెప్పపాటు ఆపే కోడ్ వరుస ఒకటి రాశాను. తప్పు కనిపించడం మానేసింది. సరిచేశానని ఆమెతో అన్నాను.

కొత్త యంత్రం మీద ఫలితం మళ్లీ తప్పింది. అందరి ముందూ మా విభాగాధిపతి ఆమె రాసిన భాగాన్ని తప్పుపట్టారు. ఆమె నావైపు చూసింది. నేను నా కాగితాలు చూసుకున్నాను.

తొమ్మిది రోజులు ఆమె తన భాగంలోనే వెతుక్కుంది. నా భాగంలో పెట్టిన ఆ వరుస సంగతి నేను చెప్పలేదు.

పదో రోజు పొద్దున చింతగింజలు తెచ్చి భోజనాల బల్ల మీద పోసింది. చిన్నప్పుడు వడమాలపేటలో గింజలాటలో అక్కలందరినీ ఓడించేదట. ఏ చిక్కయినా గింజలతోనే విప్పేది.

"ఈ గింజలే జాబితా. నువ్వొక పని, నేనొక పని. కోడ్‌లో రాసిండేది రాసినట్టు జరుపు."

"ఏమే, ఇదేం ఆట?"

"ఓడిపోతానని బయమా? జరపయ్యా."

జరిపాను. నేను రాసిన ఆ ఆపే వరుస దగ్గర ఆగాను. ఆమె కూడా ఆగింది. "కొత్త మిషన్లో ఇట్లా గూడా అవుతాది" అంది. మళ్లీ కదిలేసరికి ఇద్దరి వేళ్లూ ఒకే గింజ మీద పడ్డాయి.

ఆమె పకపకా నవ్వింది. "ఈడుండాది దొంగ! నిద్రపుచ్చి, నయమైందన్నావా? లేస్తే ఏడవదా?"

అంతలో నవ్వు ఆగిపోయింది. "తప్పు నీ బాగంలోనే అని ముందే తెలుసునా నీకు?"

అవునని తలూపాను.

ఒక పని జాబితాను తాకుతున్నంతసేపు రెండోది బయటే ఆగేలా ఆమె తాళం రాసింది. నేను దాన్ని నా పేరుతో ఎక్కించాను. విభాగాధిపతి నన్ను మెచ్చుకున్నారు. ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే, "పనైంది గదా, ఇంగ అన్నం తిను" అంది. ఆ తొమ్మిది రోజుల మాట మళ్లీ ఎత్తలేదు. నేను ఎత్తాల్సింది. ఆమె ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా ఎత్తలేదు.

ఆ దిద్దుబాటు ఆమెది. నిన్న నా పేరు తీసి ఆమె పేరు పెట్టాను. విభాగాధిపతికీ జరిగింది జరిగినట్టు రాశాను. వినాల్సిన మనిషి లేదు.

ఈ పొద్దున గింజలు బల్ల మీద పోసి ఆ ఆట మళ్లీ ఆడాను. కుడిచెయ్యి నేను, ఎడమచెయ్యి ఆమె. ఒక చెయ్యి ఎటు పోతుందో రెండోదానికి ముందే తెలుసు. ఎన్నిసార్లు జరిపినా, రెండు చేతులూ ఒకే గింజ మీద పడడం లేదు.